పెన్సిలుతో రాసిన ‘మా’

(అక్టోబరు 1, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లోని మా కాలనీ సామాజిక భవనంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, వేదిక కింద కూర్చున్న ఇంకా పెద్దలకు నమస్కారం.

కార్యదర్శి గారు నాకు ఫోను చేసి, పది నిమిషాలు మాట్లాడాలి, అంశం ‘ఆరోగ్యకరమైన వృద్ధాప్యం’ అన్నారు. సరే అన్నాను. నాకు ముందు మాట్లాడిన ఆహార నిపుణురాలు ఆ పది నిమిషాల అంశాన్ని నలభై నిమిషాలలో సంపూర్ణంగా ముగించారు. కొర్రలు, అండుకొర్రలు, రోజుకు పదివేల అడుగులు. తల్లీ, మీరు చెప్పిందంతా నిజమే. కానీ మన వీధి మలుపు నుంచి బస్టాపు దాకా ఫుట్‌పాత్ మీద ఒక్క వంద అడుగులు వేసి చూపించండి, మిగిలిన తొమ్మిది వేల తొమ్మిది వందలు నేను వేస్తాను. ఆ వంద అడుగులలో రెండు మిర్చి బజ్జీల బండ్లు, ఒక ట్రాన్స్‌ఫార్మరు, మూత లేని మ్యాన్‌హోల్ ఒకటి ఉన్నాయి.

శాలువా కప్పారు, సంతోషం. ఇది ఏడోది. మన ఊళ్ళో అంత చలి లేదు. వచ్చే ఏడాది నుంచి శాలువాకు బదులు ఒక బల్ల కొనండి, కూర్చోవడానికి. ఎందుకు అంటున్నానో తర్వాత చెబుతాను.

ఈ హాలు వెనుక టేబుల్ వేసుకుని, తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి అందరికీ ఉచితంగా బీపీ, షుగరు చూస్తోంది. గంటన్నరగా నేను ఉపన్యాసాలు వినడం లేదు, క్షమించాలి, ఆ టేబుల్‌నే చూస్తున్నాను. బీపీ చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఒక్కొక్కరు ఆ కుర్చీలో ఎనిమిది, పది నిమిషాలు కూర్చుంటున్నారు. పట్టీ విప్పేశాక కూడా చెయ్యి టేబుల్ మీద నుంచి తీయడం లేదు. ఆ అమ్మాయి “నూట నలభై” అంటుంది. వీరు “మా రెండో కోడలిది కర్నూలమ్మా” అంటారు. ఇద్దరైతే రెండు సార్లు వెళ్ళి వచ్చారు. పేర్లు చెప్పను. ఒకరు మన కోశాధికారి.

నవ్వకండి. నేను మాట్లాడబోయేది దాని గురించే.

ముందు ఒక సవరణ. ఆహ్వాన పత్రికలో నా పేరుకు ముందు ‘డా.’ అని పడింది. అది అచ్చుతప్పు. నేను డాక్టరును కాను. 1989 నుంచి 2022 దాకా, ముప్పై మూడేళ్ళు, నల్లకుంట వైపు ఒక డాక్టరు గారి దగ్గర పనిచేశాను. కాంపౌండరుగా చేరాను. మందులు పొట్లాలు కట్టే పని కొన్నాళ్ళకు మందుల దుకాణాలకు పోయింది. చీటీలు రాసే పని నాకు మిగిలింది. గుమ్మం పక్కన చిన్న బల్ల, పొడుగాటి నోటు పుస్తకం, దారంతో కట్టిన పెన్ను. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది నా చేతిలో ఉండేది. కలెక్టరుకు కూడా అంత అధికారం ఉండదని మా డాక్టరు గారు అనేవారు.

నల్లకుంట అనగానే ఇక్కడ కొందరి ముఖాలలో జ్వరాల ఆసుపత్రి కనిపించింది. దాన్ని ఇప్పటికీ పాతవాళ్ళు కోరంటి దవాఖానా అంటారు. కోరంటి అంటే ఏదో ఊరి పేరు అనుకునేవాడిని నేను, పనిలో చేరిన కొత్తలో. కాదు, క్వారంటైన్. అంటురోగం వచ్చినవారిని ఊరికి దూరంగా వేరుగా పెట్టే చోటు. జనం నోట్లో పడి కోరంటి అయింది. 2020లో అందరూ ఆ మాటను కొత్తగా నేర్చుకుంటుంటే మా పేటవాళ్ళం నవ్వుకున్నాం, మాకు అది అమ్మమ్మల నాటి మాట. ఆ జబ్బులకైతే గడువు ఉండేది, జ్వరం తగ్గితే ఇంటికి పంపేవారు. అపార్టుమెంటు మూడో అంతస్తులో, లిఫ్టు చెడిపోయిన వారంలో, ఒంటరిగా ఉన్న ఎనభై ఏళ్ళ మనిషిది ఏ కోరంటో, దానికి గడువెంతో ఎవరు చెబుతారు?

సరే, చీటీల సంగతికి వస్తాను. మా దగ్గర తలుపు ఏడింటికి తీసేవాళ్ళం. ఆరింటికే వరుస ఉండేది. మనుషులు కాదు, చెప్పులు. రేషను దుకాణం దగ్గర లాగానే చెప్పులో, సంచో, చివరికి ఒక ఇటుకరాయో వరుసలో పెట్టి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో చాయ్ తాగి వచ్చేవారు. ఆ రాయి ఎవరిదో అందరికీ తెలుసు. రాయిని ఎవరూ జరిపేవారు కాదు. రోజుకు నలభై చీటీలు. ఫీజు ఒకసారి కడితే వారంలోపు మళ్ళీ వచ్చినా కట్టనక్కరలేదు. ఈ ఒక్క నియమం గుర్తు పెట్టుకోండి, దీనితో పని ఉంది.

నా నోటు పుస్తకంలో నాకు కొన్ని గుర్తులు ఉండేవి. ఎర్ర చుక్క పెడితే చంటిబిడ్డ, జ్వరం, వెంటనే లోపలికి. అడ్డగీత పెడితే ఫీజు అడగవద్దని. ఇంకొకటి, పెన్సిలుతో ‘మా’ అని రాసేవాడిని. ‘మా’ అంటే మాట. అంటే ఈ మనిషికి జబ్బేమీ లేదు, మాట్లాడటానికి వచ్చారు అని. ‘మా’ ఉన్నవారిని చివరికి పెట్టేవాడిని. డాక్టరు గారు ఆ గుర్తు చూసి నాడి పట్టుకునేవారు, రెండు కబుర్లు చెప్పేవారు, బీకాంప్లెక్సు రాసేవారు. వచ్చినవారు సంతోషంగా వెళ్ళేవారు. ఎంత గొప్ప ఏర్పాటు! ఈ గుర్తు కనిపెట్టింది నేనే. చాలా ఏళ్ళు దాని గురించి గొప్పగా చెప్పుకున్నాను. ఇదే హాల్లో, మూడేళ్ళ కిందట, ఇదే మైకు పట్టుకుని చెప్పాను. మీలో కొందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తిరిగి ఇచ్చేయడానికే ఇవాళ వచ్చాను.

2022లో మా డాక్టరు గారికి వయసు మీద పడింది. ఆ గదులను ఒక పెద్ద సంస్థ తీసుకుంది. పేరు అక్కరలేదు, మంచి గాజు తలుపులు పెట్టారు. నోటు పుస్తకం తీసేశారు. అపాయింట్‌మెంటు ఫోనులోనే. ఫోనులో అంటే మాట్లాడి కాదు, యాప్‌లో. పేరు కొట్టాలి, పుట్టిన తేదీ కొట్టాలి. మనలో సగం మందికి పుట్టిన తేదీ అంటే బడిలో మాస్టారు వేసిన జూన్, జూలై తేదీయే కదా. తర్వాత ఓటీపీ వస్తుంది. ఎవరికి? కొడుకుకి. ఎందుకంటే ఆ ఫోను కొడుకు కొనిచ్చాడు, ఖాతా అతని నంబరు మీద తెరిచాడు. మన ఉదయం పదింటికి ఓటీపీ న్యూజెర్సీలో మోగుతుంది. అక్కడ అప్పుడు అర్ధరాత్రి దాటింది. వాడు లేచి చూసి, నాన్నకు ఏమైందోనని గుండె పట్టుకుని, ఫోను చేసి అంకెలు చెప్పేలోగా గడువు అయిపోతుంది. మళ్ళీ మొదలు. చివరికి సమయం దొరుకుతుంది, వచ్చే మంగళవారం పదకొండూ ఇరవైకి. మంగళవారం వెళితే ఒంటిగంటకు పిలుస్తారు. అది వేరే విషయం.

పోనీ పిలిచారు. ఎంతసేపు? అయిదు నిమిషాలు. మన వయసు మనిషికి చొక్కా గుండీలు విప్పడానికే రెండు నిమిషాలు. మిగిలిన మూడు నిమిషాలలో డాక్టరు కంప్యూటర్‌లో టైపు చేయాలి. ముప్పై మూడేళ్ళు గుమ్మం పక్కన కూర్చున్న అనుభవంతో ఒక్కటి చెబుతాను. అసలు జబ్బును ఎవరూ కుర్చీలో కూర్చుని చెప్పరు. మోకాళ్ళంటారు, అరగడం లేదంటారు. లేచి, చెప్పులు వేసుకుని, తలుపు మీద చెయ్యి వేశాక వెనక్కి తిరిగి, “అన్నట్టు డాక్టరు గారూ, రాత్రిళ్ళు రొమ్ములో ఏదో పట్టేసినట్టు ఉంటోంది” అంటారు. ఆ ‘అన్నట్టు’ తర్వాత వచ్చేదే జబ్బు. అయిదు నిమిషాల లెక్కలో ‘అన్నట్టు’కు చోటు లేదు.

డాక్టర్లను తిట్టడానికి రాలేదు. వాళ్ళు తక్కువ, మనం ఎక్కువ. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల 38 లక్షలు. పెద్దల జబ్బులకు ప్రత్యేకంగా చదువు ఉందని, మద్రాసు ప్రభుత్వ ఆసుపత్రిలో 1978లోనే దానికి విభాగం పెట్టారని మా డాక్టరు గారే చెప్పారు నాకు. మన ఊరినే చూడండి. 1949లో నిజాం కోడలు నీలోఫర్ రాకుమారి దగ్గర పనిచేసే రఫత్ ఉన్నీసా అనే ఆవిడ కాన్పులో చనిపోయింది. ఒక్క పనిమనిషి పోయిందన్న దుఃఖం నుంచి 1953కు రెడ్‌హిల్స్‌లో తల్లులకు, పిల్లలకు ఏకంగా ఒక ఆసుపత్రి లేచింది. ఈ ఊళ్ళో బిడ్డ పుట్టి జబ్బు చేస్తే ఆటోవాడికి ‘నీలోఫర్’ అంటే చాలు. ముసలివాళ్ళకు జబ్బు చేస్తే ఏ పేరు చెప్పాలి ఆటోవాడికి?

చట్టాలున్నాయి. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే కేసు వేయవచ్చు అన్న భాగం అందరికీ తెలుసు, సీరియళ్ళ పుణ్యమా అని. అదే చట్టంలో ఇరవయ్యో సెక్షను చదవండి. ఆసుపత్రులలో వయోవృద్ధులకు వేరే వరుస ఉండాలని రాసి ఉంది. వేరే వరుస చాలా చోట్ల బోర్డు మీద ఉంది. బోర్డు కింద పడుచువాళ్ళు ఉన్నారు. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం డెబ్బై దాటిన ప్రతివారికీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం అంది. మంచిదే, కార్డు చేయించుకోండి, నేనూ చేయించుకుంటాను. కానీ అది ఆసుపత్రిలో చేరితేనే. మంచాన పడితే 5 లక్షలు, మంచాన పడకుండా ఆపగల మాటకు మాత్రం రూపాయి లేదు.

రాయితీల మాట ఎత్తితే రైలు గుర్తుకొస్తుంది. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి వయోవృద్ధుల రాయితీ ఆపేశారు. మగవారికి నలభై శాతం, ఆడవారికి యాభై శాతం ఉండేది. కరోనా పోయింది, రాయితీ రాలేదు. మా బావమరిది దీని మీద ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాడు. ఆయన ఇక్కడే ఉన్నాడు, మూడో వరుస, లేచి నిలబడవద్దు బావా, నిలబడితే మైకు అడుగుతావు.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. ముప్పై మూడేళ్ళు చీటీలు రాసినవాడికి చీటీ! రెండు నిమిషాలట. సరే.

ఎదురింటి వాళ్ళ అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ ప్రభుత్వ వైద్యం 1948 నుంచి ఉంది, డాక్టరుకు డబ్బు కట్టనక్కరలేదు. మహా సుఖం అనుకున్నాను. ఆ అమ్మాయి చెప్పింది, చాలా చోట్ల పొద్దున ఎనిమిదింటికి ఫోను గీతలు తెరుస్తారట, ఎనిమిది కొట్టగానే వీధి వీధంతా ఒక్కసారి ఫోను చేస్తుందట, పది నిమిషాలలో ఆ రోజు చీటీలు అయిపోతాయట. నాకు మా నల్లకుంట చెప్పుల వరుస గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే, మా వరుసలో ఎవరి రాయి ఎక్కడుందో కనిపించేది. ఆ దేశంలోనే 2018 జనవరిలో ఒంటరితనం పని చూడటానికి ఒక మంత్రిని పెట్టారు. 2021లో జపానులోనూ పెట్టారు. మందుల చీటీకి బదులు తోటపని బృందానికో, పాటల బృందానికో వెళ్ళమని డాక్టర్లే పంపే ఏర్పాటు కూడా ఇంగ్లండులో ఉందట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన ఒక సంఘం 2025లో నివేదిక ఇచ్చింది, ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని.

ఇక్కడ లెక్క వేద్దాం. చేతులెత్తండి. నిన్న ఒక్క రోజులో, పాలవాడూ, పనిమనిషీ, టీవీ కాకుండా, ఎదురుగా కూర్చుని మీతో అయిదు నిమిషాలు మాట్లాడిన మనిషి ఉన్నవాళ్ళు చేతులెత్తండి.

నాలుగు. అందులో ఒకటి అధ్యక్షుల వారిది, ఆయన ఎత్తింది మంచినీళ్ళ కోసం.

దించండి. ఇప్పుడు గురువారం అమ్మ గురించి చెబుతాను. దీని కోసమే వచ్చాను. మిగిలిందంతా మొహమాటం.

ఆవిడ 2013 నుంచి మా దగ్గరకు వచ్చేది. డెబ్బై దాటిన మనిషి. భర్త రైల్వేలో పనిచేసి పోయారు, ఒక్కడే కొడుకు, పుణెలో. వెనుక సందులో అద్దె గది. ప్రతి గురువారం వచ్చేది. గురువారమే ఎందుకమ్మా అని అడిగితే, “సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకటేశ్వరుడు. గురువారం సాయిబాబా గుడిలో వరుస మరీ పొడుగు నాయనా, అందుకని ఇక్కడికి” అంది. గురువారం నుంచి గురువారానికి వారం. ఫీజు లేని గడువులోనే మళ్ళీ వచ్చేది. ఆ లెక్క ఆవిడకు తెలుసు, నాకు తెలుసు, డాక్టరు గారికి తెలుసు. ఎవరమూ అనలేదు.

పొద్దున్నే వచ్చి బల్ల చివర కూర్చునేది. పేరు పిలిస్తే, “వాళ్ళను పంపు నాయనా, నాకు తొందర లేదు” అని పక్కవారికి వరుస ఇచ్చేసేది. చంటిపిల్లలను ఎత్తుకునేది. జ్వరమొచ్చిన పిల్లవాడికి కథ చెప్పేది. ఆగకుండా మాట్లాడేది. ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోగా ఇంకో కథ. పన్నెండున్నరకు చివరి చీటీగా లోపలికి వెళ్ళేది. ఒకటే ఫిర్యాదు, తొమ్మిదేళ్ళూ అదే: ఎడమ చెవిలో రైలు పోతున్నట్టు హోరు.

రైలు! భర్త రైల్వే. మాకు అది వేళాకోళం అయిపోయింది. “ఏ రైలమ్మా ఇవాళ, గోదావరా, చార్మినారా?” అనేవాడిని. ఆవిడ నవ్వేది. డాక్టరు గారూ నవ్వేవారు. ఆవిడ పేరు పక్కన నా పెన్సిలు ‘మా’ రాసి రాసి ఉండేది. వారం వారం. పేజీలకు పేజీలు.

2022 జూన్‌లో, నేను మానేసే ముందు నెల, గాజు తలుపుల వాళ్ళు వచ్చేశారు. చీటీలు సగానికి తగ్గాయి, జనం తగ్గలేదు. ఆ గురువారం ఒక తల్లి జ్వరం బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది, యాప్‌లో సమయం లేదు. నేను విసుగులో ఉన్నాను. గురువారం అమ్మ ఎప్పటిలా వచ్చి, యాప్ అంటే ఏమిటి నాయనా అని అడిగింది. నేను అందరి ముందూ అన్నాను: “అమ్మా, జబ్బు లేనివాళ్ళు వస్తుంటే జబ్బున్నవాళ్ళకు చోటు లేకుండా పోతోంది.”

ఆవిడ నా నోటి వైపే చూసింది. రెండోసారి చెప్పమంది. గట్టిగా చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానంటే లోపలి గది నుంచి డాక్టరు గారు తొంగి చూశారు. ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి గురువారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. నేను సందులోకి వెళ్ళి చూశాను, మూడు వారాలకు. మూడు నిమిషాల దూరం, మూడు వారాలు పట్టింది. గదికి తాళం. ఎక్కడికి వెళ్ళిందో ఇంటివాళ్ళకు తెలియదన్నారు.

ఇక 2024 వేసవి. నా కుడి చెవి దిబ్బడ వేసింది. కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ బల్ల మీద, బల్ల చివర, ఆవిడ. మల్కాజిగిరిలో ఆడపడుచు కూతురి ఇంటికి మారిందట. ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు కదా, ఎక్కి కూర్చుంటే కోఠీ. మెట్టు ఎత్తే ఇబ్బంది అంది. చెవిలో యంత్రం ఉంది. మన చిక్కుడుగింజ కంటే కొంచెం పెద్దది, అంతే.

నన్ను చూసి, “నీకేమైంది నాయనా?” అంది. చెవి అన్నాను. “నాకూ చెవే కదా, ఎప్పటి నుంచో చెబుతున్నాను” అంది. నింద లేదు ఆ గొంతులో. మామూలుగా అంది.

పరీక్ష చేస్తే ఎడమ చెవి దాదాపు పోయిందట, కుడిది సగం పోయిందట. ఇప్పుడిప్పుడు పోయింది కాదు, ఏళ్ళుగా కొంచెం కొంచెం. హోరు దానిలో భాగమేనట. వినికిడి తగ్గేవారిలో చాలామందికి అలా హోరు ఉంటుందని అక్కడి డాక్టరు నాకు చెప్పారు. వినికిడి తగ్గితే మనిషి నలుగురిలో ఉండటం మానేస్తాడని, మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాలలో అదీ ఒకటని కూడా చెప్పారు.

ఇంటికి వచ్చి ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. ఆవిడ ఆగకుండా ఎందుకు మాట్లాడేది? ఒంటరిది కాబట్టి అనుకున్నాం. మాట్లాడేది తానైతే వినవలసిన పని ఉండదు. ఎదుటివాళ్ళు మాట్లాడితేనే కదా చెవుడు బయటపడేది! వరుస పక్కవారికి ఎందుకు ఇచ్చేసేది? నేను పేరు పిలిస్తే సగం సార్లు వినపడేది కాదేమో. లేస్తున్న మనుషులను చూసి తెలుసుకునేది. నా నోటి వైపు ఎందుకు చూసింది ఆ రోజు? అర్థమైంది కదా.

ఒంటరి మనిషి కాబట్టి జబ్బు లేదనుకున్నాం. జబ్బు ఉండటం వల్లే ఒంటరిదయిందని మాకు తట్టలేదు. తొమ్మిదేళ్ళు, కరోనా రోజులు తీసేస్తే నాలుగు వందల గురువారాలు వేసుకోండి, చెవిలోకి దీపం వేసి చూసినవారు లేరు. డాక్టరు గారి తప్పు అనను. ఆయన చూసింది నా గుర్తును. ఆ గుర్తు చూశాక చెవి చూడనక్కరలేదు. ఆయన పోయిన ఏడాది కాలం చేశారు, ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

ఆవిడకు క్షమించమని చెప్పాను. “ఆ రోజు ఆ పిల్లవాడికి నిజంగానే జ్వరం నాయనా, నువ్వన్నది సబబే” అంది. తర్వాత “ఆ పిల్లవాడికి తగ్గిందా?” అని అడిగింది. నాకు తెలియదు. అడిగిన సంగతి కూడా గుర్తులేదు. ఆవిడకు గుర్తుంది.

అధ్యక్షుల వారు ఇంకో చీటీ. అయిపోయింది, అయిపోయింది.

మూడు పనులు. కాదు, రెండే, మూడోది మరిచిపోయాను.

ఒకటి, రాసుకోండి: 14567. వయోవృద్ధుల సహాయానికి ఉచిత ఫోను నంబరు. ముందు మన హైదరాబాద్‌లోనే మొదలై, 2021 అక్టోబరు 1న దేశమంతటికీ వచ్చింది. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా మనుషులే ఎత్తుతారు. పెన్షను, ఆసుపత్రి, పిల్లలతో తగాదా, ఏదైనా అడగవచ్చు. పేదవారికి చెవి యంత్రాలు, కళ్ళజోళ్ళు, చేతికర్రలు ఇచ్చే కేంద్ర పథకం, రాష్ట్రీయ వయోశ్రీ, 2017 నుంచి ఉంది, దాని సంగతీ అడగండి. బస్తీ దవాఖానాలు 2018 నుంచి ఉన్నాయి, మనకు నడిచి వెళ్ళేంత దూరంలో ఒకటి ఉంది. అక్కడ యాప్ అడగరు. వెళ్ళేటప్పుడు పక్కింటి మనిషిని కూడా పిలవండి.

రెండోది. ఈ హాలు వెనుక ఒక గది ఉంది. అందులో మన సంఘం పాత కుర్చీలు, పోయిన వినాయక చవితి పందిరి గుంజలు పడి ఉన్నాయి. దాన్ని ఖాళీ చేద్దాం. మొదట్లో శాలువాకు బదులు బల్ల అడిగింది ఈ గది కోసమే. ప్రతి గురువారం పొద్దున ఏడు నుంచి పన్నెండున్నర దాకా నేను అక్కడ కూర్చుంటాను. ఫోను తెస్తాను, మా మనవరాలు యాప్‌లన్నీ నేర్పింది. ఎవరికి ఏ ఆసుపత్రిలో సమయం కావాలన్నా నేను పెట్టిస్తాను, ఓటీపీ నా నంబరుకే వస్తుంది, అమెరికాకు పోదు. ఊరికే కూర్చోవడానికి వచ్చినా రావచ్చు. నోటు పుస్తకం కొన్నాను. వచ్చినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, చెవిలో రైలు అంటే రైలు అని రాస్తాను. గురువారం అమ్మను అడిగాను, రెండు బస్సులు మారి వస్తానంది.

వెనుక టేబుల్ దగ్గర అమ్మాయి ఒంటిగంటకు వెళ్ళిపోవాలట. ఇంకా చూపించుకోనివాళ్ళు పదకొండు మంది ఉన్నారు, లెక్క పెట్టాను. ముందు వాళ్ళను వెళ్ళనివ్వండి. కోశాధికారి గారూ, మీరు మాత్రం కూర్చోండి.

కార్యదర్శి గారూ, ఆ వెనుక గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?